లెక్కపెట్టని ఊపిరి

నా రిటైర్మెంటు రోజున శాలువా కప్పి, పూలదండ వేసి, "నాగమణి సిస్టర్ చేతిలో పడ్డ పేషెంటు నడుచుకుంటూ ఇంటికి పోవాల్సిందే" అని ఒకాయన మైకులో అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. పొగిడితే సిగ్గుపడుతోందని అనుకున్నారు. సిగ్గే, కానీ వాళ్లనుకున్న సిగ్గు కాదు.

ముప్పై నాలుగేళ్లు సర్కారు దవాఖానాల్లో నర్సుగా చేశాను. ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఎన్ని బదిలీలయ్యాయో సర్వీసు రిజిస్టర్లో ఉంటుంది, కావలసినవాళ్లు అక్కడ చూసుకోవచ్చు. ఇది కొత్తగా డ్యూటీలో చేరే పిల్లల కోసం రాస్తున్నాను. రేపు కాజువాలిటీలో నిలబడేది మీరే. నేను చేసిన తప్పు మీరు చేయకూడదు. నా నోరు కాస్త కటువు, చదువుతుంటే మీకే తెలుస్తుంది. సర్దుకోండి.

కనుపాప చూసి చెప్పేదాన్ని

మా దవాఖానా ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉండేది. పేరు రాయను. చివరి పదకొండేళ్లు అక్కడి కాజువాలిటీకి నేనే ఇన్‌చార్జి సిస్టర్‌ని. మాది మధిర పక్క ఊరు. మొదట్లో అక్కడి మాట నాకూ, నా మాట వాళ్లకూ కొత్తగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది.

పత్తి, మిర్చి పండే ప్రాంతం. ప్రతి ఇంట్లో, చూరు కిందో మంచం కిందో, ఒక పురుగుమందు డబ్బా ఉంటుంది. కోపమొచ్చినా, దుఃఖమొచ్చినా చేతికందేది అదే. అందుకని స్పృహ లేని మనిషి వచ్చాడంటే మేం మొదట చేసే పని ఒకటే: రెప్ప ఎత్తి టార్చి వేయడం. కంటిపాప గుండుసూది మొనంత చిన్నగా కుంచించుకుపోయి ఉంటే పురుగుల మందు. వెంటనే విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్, కడుపు కడగడం. మా చేతులు ఆ పని నిద్రలో కూడా చేయగలవు. నేనైతే స్ట్రెచర్ గుమ్మం దాటకముందే చెప్పేసేదాన్ని. కొత్త డాక్టర్లు నా మొహం చూసి మందు రాసేవారు. ఆ గర్వం నాకు బాగానే ఉండేది, దాచుకోను.

ఇంకో అలవాటు కూడా ఉండేది. కనుపాప చిన్నగా ఉందని తేలగానే బయటికొచ్చి ఇంటివాళ్లను అడిగేదాన్ని: "ఇంట్ల లొల్లేమన్నా అయిందా?" అని. గొడవ జరగని ఇల్లు ఎక్కడుంటుంది? ఎవరో ఒకరు అయిందనే చెప్పేవారు. నా అంచనా సరిపోయిందని లోపలికి పోయేదాన్ని. ఆ ప్రశ్న రోగం తెలుసుకోవడానికని అనుకున్నాను తప్ప, బయట నిలబడ్డవాళ్లు దాన్నెలా వింటారో ఒక్కసారీ ఆలోచించలేదు.

భద్రయ్య

ఆ రోజు ఎండ మండిపోతోంది. పదకొండు దాటాక ఆటో ట్రాలీలో భద్రయ్యను తెచ్చారు. ఇరవై ఆరేళ్లవాడు, అడవి అంచున ఉన్న గూడెం మనిషి. జామాయిల్ తోటల్లో నరికిన కర్రను లారీలకెత్తే ముఠాలో పనిచేసేవాడు. పని మధ్యలో లారీ నీడన కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. తోటివాళ్లు ఎండదెబ్బ అనుకుని మొహాన నీళ్లు చల్లారు. ఇంటికి కబురు పెట్టారు. తల్లి ముత్తమ్మ, భార్య సమ్మక్క పరుగెత్తుకొచ్చాక దవాఖానాకు బయల్దేరారు. తెచ్చిన ఇద్దరు ముఠావాళ్లు గుమ్మం దగ్గరే ఆగి, ఏమడిగినా "మాకెరుక లేదు" అంటూ కాసేపటికి కనపడకుండా పోయారు. స్నేహితుడు చావుబతుకుల్లో ఉంటే ఎందుకు జారుకున్నారో అప్పుడే నాకు అనుమానం రావాలి. రాలేదు.

టార్చి వేశాను. పాపలు గుండుసూది మొనలు.

"పురుగుల మందే. అట్రోపిన్ తియ్యండి, కడుపు కడిగే ట్యూబు తెండి" అని కేకేశాను.

డ్యూటీ డాక్టర్ ప్రశాంత్ చేరి మూడు నెలలైంది. మెత్తని మనిషి. వంగి భద్రయ్య నోటి దగ్గర వాసన చూశాడు. చొక్కా పట్టుకుని చూశాడు.

"సిస్టర్, వాసన రావట్లేదు కదా? పురుగుమందైతే చెమటలు కారిపోవాలి, నోట్లోంచి చొంగ రావాలి. ఇతని ఒళ్లు పొడిగా ఉంది."

"డాక్టర్ గారూ, మీరు పలక పట్టుకుని బడికి పోయే రోజుల నుంచి చూస్తున్నా ఇలాంటివాళ్లను. కొన్ని మందులకు వాసన ఉండదు. మనం మాట్లాడుకునేలోపు వాడు పోతాడు."

ఆయన మొహం ఎర్రబడింది. నేను చెప్పిందే రాశాడు.

తర్వాత నేను కేస్‌షీట్ అందుకున్నాను. బీపీ చూసి రాశాను. నాడి పట్టుకుని రాశాను. ఊపిరి అని ఉన్న గడిలో ఇరవై అని రాశాను.

లెక్కపెట్టలేదు. నర్సులందరికీ తెలిసి ఎవరూ బయటికి చెప్పని విషయమిది. బీపీకి మిషను ఉంది, ఆక్సిజన్‌కు వేలికి తగిలించే క్లిప్పు ఉంది. ఊపిరి మాత్రం మనమే నిమిషంపాటు కదలకుండా నిలబడి, ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో చూసి లెక్కపెట్టాలి. ఆ నిమిషం మనకెప్పుడూ దొరకదు. అందుకే నేను పనిచేసిన ఏ వార్డులో కేస్‌షీట్లు తిరగేసినా, చంటిపిల్లలు తప్ప అందరూ పద్దెనిమిదో ఇరవయ్యో సార్లు ఊపిరి తీస్తుంటారు. జ్వరమొచ్చినవాడూ ఇరవయ్యే, చచ్చిపోబోయేవాడూ ఇరవయ్యే. నవ్వొస్తోందా? నాకు ఇప్పుడు రాదు.

క్లిప్పు తక్కువ చూపిస్తే ఆక్సిజన్ మాస్కు పెట్టాం. పురుగుమందు తాగితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది కాబట్టి అలాగే ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. గురక పెడుతున్నాడు. గురక పెడుతున్నాడంటే ఊపిరి ఉన్నట్టే కదా అనుకున్నాను. కడుపు కడిగిన నీళ్లు బకెట్లో తేటగా ఉన్నాయి, మందు వాసన లేదు, తెల్లటి నురగ లేదు. ఆ బకెట్ నా కాలి పక్కనే ఉంది. పదకొండేళ్ల అనుభవం ఏం చేసుకోను, కళ్లు నెత్తికెక్కాక?

బయటికొచ్చి ఎప్పటిలాగే అడిగాను. వరండా నిండా జనం.

"ఇంట్ల లొల్లేమన్నా అయిందా అమ్మా?"

సమ్మక్క ఇరవై రెండేళ్ల పిల్ల. అబద్ధం ఆడటం రాని మొహం. "లొల్లంటే... పొద్దుగాల జర అయింది సిస్టరమ్మా. బిడ్డకు జరమొచ్చింది, దవాఖానాకు తోల్కపొమ్మన్న. పనికి పోవాలె అన్నడు. నేను నాలుగు మాటలన్న. గంతే, గింకేం లే" అంది.

"అదీ సంగతి. పురుగుల మందు తాగాడు" అన్నాను. గట్టిగా, అందరికీ వినపడేలా.

ముత్తమ్మ కోడలి వైపు తిరిగింది. "నా కొడుకును పొట్టన పెట్టుకున్నవు కదనే!" అని రెండు చేతులతో నెత్తి బాదుకుంది. లోపల భద్రయ్య ఇంకా బతికే ఉన్నాడు. అరగంట తర్వాత ఊపిరి ఆగిపోయింది. గుండె మీద నొక్కాం, చేయాల్సినవన్నీ చేశాం. దక్కలేదు.

పోలీసులు వచ్చి రాసుకున్నారు: భార్యతో గొడవ, పురుగుమందు. శవపరీక్ష చేసి, లోపలి భాగాలు కొన్ని ల్యాబుకు పంపారు. నేను చేతులు కడుక్కుని, టీ తాగి, తర్వాతి కేసుకు పోయాను.  ప్రశాంత్ కొన్నాళ్లకు పీజీ సీటు వచ్చి వెళ్లిపోయాడు.

ఎర్రయ్య ఊపిరి ఆరు

మరుసటి ఏడాది వానాకాలం. మధ్యాహ్నం భోజనాల వేళ. ఇద్దరు మనుషులు మూడోవాణ్ని భుజాన వేసుకుని వచ్చారు. ఎర్రయ్య, ముప్పై ఏళ్లు. "పిట్స్ వచ్చినయి సిస్టరమ్మా, జల్దీ చూడు" అన్నారు. టార్చి వేశాను. అవే గుండుసూది మొనలు. "అట్రోపిన్..." అని నోరు తెరిచాను.

సరిగ్గా అప్పుడు డాక్టర్ షాహీన్ అక్కడ ఉంది. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరమ్మ, హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చి రెండు నెలలైంది. సిజేరియన్‌కు తీసుకెళ్లాల్సిన ఆమెను చూడటానికి వచ్చింది. మాటలు తక్కువ, నవ్వు అంతకంటే తక్కువ. టార్చి ఉన్న నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"లైట్ బంద్ చెయ్యండి సిస్టర్. ఛాతీ చూడండి. నిమిషం. పైకి లెక్కపెట్టండి."

అందరి ముందూ నన్ను ఒకటో తరగతి పిల్లలా లెక్కపెట్టమంటోంది. ఒళ్లు మండింది. గోడ గడియారం చూస్తూ మొదలుపెట్టాను. ఒకటి. ఛాతీ పడిపోయింది, మళ్లీ లేవలేదు. నేను ఆగాను. ఎంతసేపు ఆగానో. రెండు. మళ్లీ అంతే. మూడు అనేటప్పటికి గడియారంలో అర నిమిషం దాటింది. నిమిషమయ్యేసరికి ఆరు వచ్చాయి. అందులో రెండు సగం ఊపిరులే.

లెక్క అవగానే ఆమె అతని తలను వెనక్కి వంచి, రబ్బరు సంచి ఉన్న మాస్కును మొహానికి అదిమిపట్టి, చేత్తో నొక్కుతూ గాలి పంపడం మొదలుపెట్టింది. అంబు బ్యాగ్ అంటారు, ప్రతి కాజువాలిటీలో ఉంటుంది. మాదీ ఉంది, దుమ్ము పట్టి.

"చెమట లేదు, చొంగ లేదు, వాసన లేదు, ఊపిరి ఆరు. పురుగుమందు కాదిది. నల్లమందు జాతి మత్తు. నలాక్సోన్ ఎక్కడుంది?"

నలాక్సోన్ అంటే ఆ మత్తుకు విరుగుడు. ట్రైనింగులో విన్నాను. పదకొండేళ్లలో ఒక్కసారీ చేత్తో పట్టుకోలేదు. అది ఆపరేషన్ థియేటర్లో, మత్తుమందుల బీరువాలో ఉంది. రెండు తాళాల బీరువా. ఒక తాళంచెవి థియేటర్ సిస్టర్ దగ్గర, రెండోది ఫార్మసిస్టు దగ్గర. ఫార్మసిస్టు ఎదురుగా హోటల్లో అన్నం తింటున్నాడు.

నలాక్సోన్ మత్తుమందు కాదు. మత్తు దించే మందు. దానికి తాళం అక్కర్లేదు. మా సూపరింటెండెంటుకు మాత్రం తనిఖీ అంటే హడల్. "మత్తుతో సంబంధమున్నవన్నీ ఒకే చోట పెట్టండి, నా తల మీదికి తేవద్దు" అని కొన్నేళ్ల కింద చెప్పాడు. మేమూ తల ఊపి పెట్టేశాం. నిప్పంటుకున్నప్పుడు వాడాల్సిన నీళ్ల బకెట్‌ను పెట్రోలు గదిలో పెట్టి తాళం వేసుకున్నట్టు చేశాం. ఆయన భయస్థుడు, చెడ్డవాడు కాదు. కానీ పిల్లలూ, భయపడే బాసు చెప్పిన మాటకు నోరు విప్పకుండా తల ఊపితే సగం తప్పు మీదవుతుంది.

ఎంగిలి చేత్తోనే ఫార్మసిస్టు పరుగెత్తుకొచ్చాడు. అప్పటిదాకా ఎర్రయ్యను బతికించింది డాక్టరమ్మ చేతిలో ఉన్న ఆ రబ్బరు సంచి. "మందు దొరక్కపోయినా మనిషిని పోనివ్వద్దు సిస్టర్. వాడు ఊపిరి తీయలేకపోతే మనం ఇవ్వాలి" అంది. ఇంజెక్షన్ పడ్డాక రెండు మూడు నిమిషాల్లో ఎర్రయ్య గట్టిగా ఊపిరి లాగాడు. కళ్లు తెరిచాడు. మా అందర్నీ చూసి ఒక బూతు తిట్టాడు. అంత తియ్యని బూతు నేనెప్పుడూ వినలేదు.

డాక్టరమ్మ గుమ్మం దగ్గరికి పోయింది. తెచ్చినవాళ్లు జారుకోబోతున్నారు. "నేను పోలీసును కాదు. ఏం వేసుకున్నడో చెప్పండి. చెప్తే బతుకుతడు, లేకపోతే మళ్లీ పడిపోతడు" అంది. ఇంట్లో గొడవైందా అని అడగలేదు. ఎవరి తప్పని అడగలేదు. ఒకడు నిక్కరు జేబులోంచి న్యూస్‌పేపర్ పొట్లం తీశాడు. పసుపుపచ్చ గోలీలు, కవరు లేదు, పేరు లేదు.

ఇక్కడ ఇంకోటి నేర్చుకున్నాను. లేచి కూర్చున్న ఎర్రయ్య "నాకేం కాలే, ఇంటికి పోత" అని ఒకటే గొడవ. నేనైతే సంతకం తీసుకుని పంపేసేదాన్ని. డాక్టరమ్మ నన్ను అతని పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. గంట తిరక్కుండానే రెప్పలు వాలాయి, ఊపిరి మళ్లీ ఎనిమిదికి పడింది. విరుగుడు పని అయిపోయింది, గోలీ పని ఇంకా అవలేదు. మళ్లీ ఇంజెక్షన్ ఇచ్చాం. ఆ గంటలో ఇంటికి పంపి ఉంటే, దారిలో ఆటోలోనే పోయేవాడు.

గోలీలో ఏముంది

లారీకి కర్ర ఎత్తడం మాటలు కాదు. రోజంతా భుజం మీద మోస్తే సాయంత్రానికి నడుము ఉండదు. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు సూది వేసేవాడు. తర్వాత మందుల షాపులో చీటీ లేకుండా ట్రమడాల్ అమ్మారు. అది నొప్పి తగ్గించడంతోపాటు ఒంట్లో హుషారు పుట్టిస్తుంది, అలవాటు కూడా పెడుతుంది. షాపుల మీద నిఘా పెరిగాక, బైకు మీద వచ్చే ఒకడు లోడింగ్ పాయింట్ దగ్గర టీ బండి పక్కన ఆగి ఈ పొట్లాలు ఇవ్వడం మొదలుపెట్టాడు. "అవే గోలీలు, జర స్ట్రాంగు" అన్నాడట. ముఠా మేస్త్రీ తీసుకుని అందరికీ పంచాడు, తనూ వేసుకున్నాడు. కూలోళ్లను చంపాలని కాదు, పని నడవాలని. వీళ్లను తాగుబోతులనో, చెడిపోయినవాళ్లనో అనకండి. మీరు ఒక్క పూట ఆ కర్ర మోసి, తర్వాత మాట్లాడండి.

పొట్లం పోలీసుల ద్వారా ల్యాబుకు పోయింది. అందులో ట్రమడాల్ లేదని తేలింది. ఎక్కడో రసాయనాలతో తయారుచేసిన, దానికంటే ఎన్నో రెట్లు బలమైన మత్తు ఉంది. దాంతోపాటు నిద్రగోలీల పొడి. "ఈ జాతి మందు థియేటర్లో నేను బొట్లు కూడా కాదు, అందులో భాగాలు కొలిచి ఇస్తా. అప్పుడు కూడా పక్కన ఊపిరి మిషను పెట్టుకుని. వీళ్లు బక్కెట్లో కలిపి గోలీలు చేస్తున్నరు" అని డాక్టర్ షాహీన్ అంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి గొంతు ఆ రోజు లేచింది.

పులిహోర సరిగ్గా కలపకపోతే ఒక ముద్దలో ఉప్పు ఉండదు, ఇంకో ముద్ద నోట్లో పెట్టుకోలేం. ఆ పొట్లమూ అంతే. నిన్న రెండు వేసుకున్నా ఏం కాలేదని ఇవాళ ఒకటి వేసుకుంటాడు, ఆ ఒకటే ప్రాణం తీస్తుంది. పైన కల్లో, సారానో పడితే ఇంకా త్వరగా తీస్తుంది. ఊపిరి తీయమని మెదడు చెప్పడం మానేస్తుంది. నొప్పి ఉండదు, గింజుకోవడం ఉండదు. చూసేవాళ్లకు గురక పెట్టి నిద్రపోతున్నట్టే ఉంటుంది. "పడుకున్నడు, లేపకు" అంటారు. అక్కడే మనిషి పోతాడు. పిలిస్తే పలకనివాడి గురక నిద్ర కాదు, లేపండి. లేవకపోతే పరుగెత్తి తీసుకురండి, ఏం వేసుకున్నాడో దాచకండి.

కేస్‌షీట్

ఎర్రయ్యను తెచ్చిన మర్నాడు, డ్రిప్పు మారుస్తుంటే నా కొంగు పట్టుకున్నాడు.

"సిస్టరమ్మా, నీకో మాట చెప్పాలె. మా భద్రయ్య మందు తాగలే. నేను ఆ దినం పక్కన్నే ఉన్న. గిసొంటి గోలీలే రెండు ఏసుకున్నడు. అప్పుడే కొత్తగ వచ్చినయి."

"మరి అప్పుడెందుకు చెప్పలేదురా?"

"మేస్త్రీ వద్దన్నడు. పోలీసోళ్లు అందర్ని పట్టుకపోతరు, లోడు పని బందైతది అన్నడు. భయమైంది." గోడ వైపు తిరిగి ఏడ్చాడు. "సమ్మక్కను గూడెంల ఉండనియ్యలే. మొగనితో మందు తాపించిందని తరిమిండ్రు. తల్లిగారింట్ల ఉన్నది. బిడ్డను ముత్తమ్మ ఇయ్యలే. ఆ పిల్ల అమ్మ అమ్మ అని తిరుగుతాంది."

రికార్డు గదికి పోయి ఏడాది కిందటి ఫైలు తీయించాను. ల్యాబు కాగితం కాపీ అందులోనే ఉంది, ఎప్పుడో నెలల కిందే వచ్చింది: పురుగుమందు ఆనవాళ్లు లేవు. అసలు కాగితం పోలీసు స్టేషనుకు చేరింది, కాపీ మా ఫైలుకు చేరింది. గూడేనికి ఎవరూ తీసుకుపోలేదు. ఆ కాగితం కింద కేస్‌షీట్. ఊపిరి: ఇరవై. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది, అందరూ మెచ్చుకుంటారు. 

సూపరింటెండెంటు దగ్గరికి పోయి గూడెం వెళ్లి చెప్పి వస్తానన్నాను. ఆయన అదిరిపడ్డాడు. "ఏంటమ్మా ఇది, ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్నావు. వాళ్లు కేసు వేస్తే నీ పెన్షన్ ఆగుతుంది, నా మెడకూ చుట్టుకుంటుంది. చనిపోయినవాడు తిరిగొస్తాడా?"

తిరిగిరాడు. కానీ వాడి భార్య బతికే ఉంది కదా. ఆ మాట ఆయనతో అనేసి బయటికొచ్చాను. డాక్టర్ షాహీన్‌ను అడిగాను ఏం చేయమంటారని. "మీ పెన్షన్ గురించి నేనేం చెప్పలేను. నేనైతే పోతా" అంది. అంతే.

గూడెం

వాగు దాటి పోవాలి. వాన తెరిపిచ్చిందని ముత్తమ్మ వాకిట్లో నిల్వ ఇప్పపువ్వు ఆరబోస్తోంది. ఐదేళ్ల పిల్ల ఆమె కొంగు పట్టుకుని నన్ను చూసింది. నేను ఎవరో ముత్తమ్మ మర్చిపోలేదు. మంచం వాల్చింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను: నీ కొడుకు మందు తాగలేదు, గోలీలు అతన్ని చంపాయి, నేను సరిగ్గా చూడలేదు, నీ కోడలి తప్పు లేదు.

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. చివరికి ముత్తమ్మ అంది:

"ఆ దినం పదిమందిల అన్నవు సిస్టరమ్మా. గా మాట గూడెం మొత్తం వచ్చింది. గియ్యాల నా ఒక్కదాని చెవుల చెప్తే ఎట్ల? అందర్ని పిలుస్త. దాన్ని గూడ పిలిపిస్త. ఐతారం రా. గప్పుడు చెప్పు."

ఆదివారం పోయాను. అంగన్‌వాడీ ముందు రేకుల పందిరి కింద ఊరంతా ఉంది. పెద్దమనుషులు, ముఠావాళ్లు, తల దించుకున్న మేస్త్రీ. కోలుకున్న ఎర్రయ్య లేచి తను చూసింది చెప్పాడు. తర్వాత నేను. ముప్పై నాలుగేళ్లలో ఎన్నో చావులు చెప్పాను, నోరు ఎప్పుడూ తడబడలేదు. ఆ రోజు తడబడింది. నేను అడిగిన ప్రశ్న, నేను గట్టిగా అన్న మాట, నేను లెక్కపెట్టకుండా రాసిన ఇరవై, అన్నీ చెప్పాను. ల్యాబు కాగితం పెద్దమనిషి చేతికిచ్చాను. అంగన్‌వాడీ టీచరు దాన్ని చదివి వినిపించింది.

సమ్మక్క ఒక మూలకు నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది. అందరూ ఆమె వైపు తిరిగారు. ఏడుస్తుందేమో, నన్ను శపిస్తుందేమో అనుకున్నాను. ఆమె నా దగ్గరికొచ్చి నిలబడింది.

"గా సూది ఆ దినం ఇస్తే మా ఆయన బతికెటోడా?"

పిల్లలూ, ఈ ప్రశ్నకు మన దగ్గర చాలా జవాబులుంటాయి. చెప్పలేమమ్మా, ఆలస్యంగా తెచ్చారమ్మా, అంతా దేవుడి చేతిలో ఉందమ్మా. అన్నీ నా నాలుక చివరిదాకా వచ్చాయి. సూపరింటెండెంటు అన్న కేసూ, పెన్షనూ కూడా గుర్తొచ్చాయి. ఎర్రయ్యను ఏ స్థితిలో తెచ్చారో, భద్రయ్యనూ అదే స్థితిలో తెచ్చారు. ఒకడు ఇక్కడే నిలబడి ఉన్నాడు.

"అవ్. బతికేవాడు" అన్నాను.

సమ్మక్క కళ్లు మూసుకుంది. ముత్తమ్మ "కొడుకా" అని ఒక్క కేక వేసి, లేచి వచ్చి కోడలి మెడ చుట్టూ చేతులు వేసింది. ఇద్దరూ నిలబడే ఏడ్చారు. నేనూ ఏడ్చాను, కానీ వాళ్లతో కలిసి ఏడ్చే హక్కు నాకు లేదు, పక్కకు పోయాను. పిల్ల వచ్చి తల్లి చీర పట్టుకుంది.

నేను బయల్దేరుతుంటే సమ్మక్క పిల్లను చంకనెత్తుకుని వాగు దాకా వచ్చింది.

"గా మందు పేరేంది సిస్టరమ్మా?"

"నలాక్సోన్."

రెండుసార్లు పలికి చూసుకుంది. మూడోసారి సరిగ్గా వచ్చింది. "గిప్పుడు మీ కాడ ఉన్నదా?"

"ఉంది. కాజువాలిటీలోనే, ఎర్ర ట్రేలో. ఎర్రయ్య వచ్చిన మర్నాడే బీరువాలోంచి తెప్పించి పెట్టాం."

"దానికి తాళం ఎయ్యకున్రి" అంది. తిట్టినా బాగుండేది. పిల్లను సర్దుకుని వెనక్కి తిరిగింది.

ఎవరూ కేసు వేయలేదు. నా పెన్షన్ నాకు వస్తోంది. బైకువాణ్ని పట్టుకున్నారు, బెయిలు మీద బయటికొచ్చాడని విన్నాను. ఇంకొకడు ఇంకో టీ బండి దగ్గరికి వస్తూనే ఉంటాడు. రిటైరైనా వారానికోసారి కాజువాలిటీకి ఫోన్ చేసి డ్యూటీలో ఉన్న పిల్లను అడుగుతాను: ఎర్ర ట్రేలో మందు ఉందా, తాళం వేయలేదు కదా, ఇవాళ ఊపిరి లెక్కపెట్టే రాశావా అని. విసుక్కుంటారు. విసుక్కోండి, పరవాలేదు. జవాబు చెప్పి పెట్టేయండి.